విస్మృతిని వెదకిన ప్రశ్నలు

ఇది యే సంవత్సరము, ఏ మాసము, మనమిప్పుడు కూర్చున్న చోటి పేరేమి, నేనిందాక చెప్పిన మూడు మాటలను తిరిగి చెప్పగలరా యని యొక వైద్యుడో నర్సో వృద్ధుని యెదుట కూర్చుండి యడుగుట నేడు లోకమున సామాన్యమైన విషయమైనది. నాడి చూచి రోగమెఱుగుటకు వేల యేండ్ల చరిత్ర కలదు. గొట్టముతో గుండెచప్పుడు వినుటకు రెండువందల యేండ్ల చరిత్ర కలదు. కాని మార్కులు వేసి స్మృతిని కొలుచు నీ ప్రశ్నలు పుట్టి నిండ నూఱేండ్లైనను కాలేదు. ఇంతలోనే యివి సముద్రములు దాటి మన పల్లెల ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల గడప తొక్కినవి. కావున ఇవి యెచ్చట పుట్టెనో, ఎవరి జీవితమును చూచి కూర్పబడెనో, అడిగినవారు అడిగిన పిమ్మట ఏమి చేసిరో తెలిసికొనుట పండితుల కుతూహలమునకు మాత్రమే చెందిన పని కాదు. ఇంట ముదుసలి తల్లిదండ్రులున్న ప్రతివారికిని చెందిన పని.

వార్ధక్యమున మరపు కలుగునని పూర్వులెఱుగకపోలేదు. చరకసంహిత విమానస్థానమున అరువదియేండ్లు దాటిన దశను జీర్ణవయస్సని పేర్కొని, ఆ దశయందు ధాతువులు, ఇంద్రియములు, బలపరాక్రమములతోబాటు గ్రహణము, ధారణము, స్మరణము, వచనము, విజ్ఞానము కూడ క్రమముగా క్షీణించుచుండునని చెప్పబడినది. ఆ పరిశీలనము సూక్ష్మమైనదే. కాని ఏ దేశమునందైనను అటువంటి పరిశీలనమునుండి జనులు తీసికొన్న తాత్పర్యమొక్కటే: ముసలితనము స్వభావము, స్వభావమునకు చికిత్స లేదు, కావున వైద్యునితో పని లేదు. వండిన కూర మరల వండిన అవ్వను, ఇంటిదారి తప్పి పొలిమేరలో తిరుగాడిన తాతను మనవారు పెద్దతనము మీదబడినదని జాలిపడి యూరకుండిరి. కొన్ని యిండ్లలో విసుగుకొనిరి. మఱికొన్ని యిండ్లలో గదిలో పెట్టి గొళ్ళెము వేసిరి. ఐరోపా ఖండమునను ఇంతకంటె మేలైన గతి వారికి పట్టలేదు. అచ్చట గొళ్ళెము పిచ్చాసుపత్రిదయ్యెను.

1901వ సంవత్సరము నవంబరు మాసమున జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి మానసిక చికిత్సాలయమునకు ఆగుస్టె డీటెర్ అను 51 ఏండ్ల గృహిణిని తీసికొనివచ్చిరి. అచ్చటి వైద్యుడగు అలోయిస్ అల్జీమర్ ఆమె చెంత కూర్చుండి ప్రశ్నించి, ప్రశ్నలను ప్రత్యుత్తరములను స్వహస్తముతో వ్రాసియుంచెను. పేరడిగిన ఆమె ఆగుస్టె యనెను. ఇంటిపేరడిగినను ఆగుస్టె యనెను. భర్త పేరడిగినను తడబడి ఆ పేరే చెప్పెను. పెన్సిలును, తాళపుచెవిని చూపగా వానిని సరిగా గుర్తించినది. కాలీఫ్లవరును మాంసమును తినుచుండగా, తినుచున్నదేమని యడిగిన పాలకూర యని చెప్పినది. తన పేరు వ్రాయబూని మొదటి మాటకే ఆగిపోయినది. 1906 ఏప్రిలులో ఆమె మరణింపగా, అప్పటికి మ్యూనికు నగరమున పనిచేయుచున్న అల్జీమర్ ఆమె మెదడును తెప్పించుకొని, వెండి లవణముల రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచి, కణముల వెలుపల పేరుకొన్న ఫలకములను, కణముల లోపల చిక్కుపడిన సన్నని తంతువులను కనుగొనెను. అదే యేడు నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన మానసిక వైద్యుల సభలో ఆయన యీ సంగతి విన్నవింపగా సభ్యులలో ఒక్కరును ప్రశ్న వేయలేదు. ఆయన వ్రాసియుంచిన ఆ ప్రశ్నోత్తరముల కాగితములు మఱుగునపడిపోయి, 1995లో గాని ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రి దస్త్రములలో మరల దొరకలేదు. సూక్ష్మదర్శిని చూపినది లోకమున నిలిచినది. దానికి ముందు రోగి చెంత గడచిన ఆ సంభాషణము తొమ్మిది దశాబ్దములు మరుగైనది. ఈ వ్యాధి చరిత్రలో నాకు మిక్కిలి బాధ కలిగించు సంగతులలో ఇది యొకటి.

1910లో మానసిక వైద్యాచార్యుడగు క్రేపెలిన్ తన మానసిక వైద్య గ్రంథపు ఎనిమిదవ కూర్పున ఈ రోగమునకు అల్జీమర్ పేరు పెట్టెను. ఆ నామకరణముతో ఒక మేలును ఒక కీడును గూడ జరిగినవి. మధ్యవయస్సున వచ్చు మతిభ్రంశము వ్యాధిగా గుర్తింపబడినది, అది మేలు. ఎనుబదియేండ్ల వృద్ధునకు వచ్చునది వేఱు, అది రక్తనాళములు గట్టిపడుటచే వచ్చు సహజ జీర్ణత యని వైద్యలోకము దానిని ప్రక్కకు నెట్టినది, అది కీడు. మధ్యవయస్కులకు రోగము, వృద్ధులకు వయస్సు అను నీ విభజనము సుమారు అర్ధశతాబ్దము చెల్లుబడియైనది.

ఆ గోడను పడగొట్టినవారు ఇంగ్లండు ఉత్తరభాగమున, బొగ్గుకును ఓడలకును పేరుపడిన న్యూకాజిల్ నగరమున పనిచేసిన మువ్వురు: మానసిక వైద్యాచార్యుడు మార్టిన్ రోత్, మెదడు శవపరీక్షలలో ఆరితేరిన బెర్నార్డ్ టామ్లిన్సన్, వారితో కలిసి పనిచేసిన గ్యారీ బ్లెస్సెడ్. వారి పద్ధతి ఋజువైనది, ఓపికతో కూడినది. వృద్ధులు జీవించియుండగనే వారి బంధువులను కలిసికొని, ఇంటిపనులు చేసికొనగలరా, చిల్లరడబ్బు లెక్క చూచుకొనగలరా, తెలిసిన వీధిలో దారి కనుగొనగలరా, తమంతట దుస్తులు ధరింపగలరా, భుజింపగలరా యని యడిగి మార్కులు వేసిరి. పిదప ఆ వృద్ధులనే కాలము, స్థలము, తమ జీవితపు పూర్వసంగతులు, ఒక పేరును విలాసమును జ్ఞప్తియందుంచుకొని చెప్పుట మొదలగువానిపై ప్రశ్నించి 37 మార్కులకు లెక్కగట్టిరి. వారు కాలక్రమమున మరణించిన పిదప టామ్లిన్సన్ వారి మెదళ్ళలో ఫలకములను లెక్కించెను. బ్రతికియుండగా మార్కులు తగ్గినవారి మెదళ్ళలో ఫలకములు హెచ్చుగా నుండెను. ఆ ఫలకములు అల్జీమర్ తన 51 ఏండ్ల రోగియందు చూచిన వంటివే. 1968లో ప్రకటింపబడిన ఈ పరిశోధనముతో రెండు సత్యములు స్థిరపడినవి. వృద్ధుల మతిభ్రంశములో పెద్దభాగము వయస్సుయొక్క స్వభావము గాక వ్యాధియే యనునది మొదటిది. కాగితము, కలము, ఓపిక మాత్రమే సాధనములుగా నొకడు అడుగు ప్రశ్నలు పుఱ్ఱెలోపలి స్థితిని కొంతవఱకు చెప్పగలవనునది రెండవది. ఇప్పుడు మనము చూచు స్మృతిపరీక్షలన్నియు ఈ రెండవ సత్యముపై నిలిచినవే. ఎనిమిదేండ్ల తరువాత, 1976లో, అమెరికాలో రాబర్టు కట్జ్‌మన్ ఒక చిన్న సంపాదకీయమున, వయస్సును బట్టి గీచిన గీత అర్థరహితమనియు, రెండును కలిపి లెక్కించిన ఈ వ్యాధి మరణకారణములలో ముందువరుసకు వచ్చుననియు వ్రాసి, ఆ వాదమును ప్రపంచమునకు వినిపించెను.

ఇంతకు పూర్వమే స్కాట్లండు రాజధానియగు ఎడిన్‌బరో నుండి వేఱొక వార్త వచ్చియుండెను. బ్రిటనులో 1948 నుండి ప్రతి పౌరునకును ఒక కుటుంబవైద్యుడు ఏర్పడియుండెను, చూచినందుకు రోగి చెల్లింపవలసిన రుసుము లేదు, దూరము లేదు. ఇన్ని సౌకర్యములున్నచోట రోగములన్నియు వైద్యుని దృష్టికి వచ్చుచునే యుండునని ఎవరైనను తలంతురు. జేమ్స్ విలియమ్సన్, ఆయన సహచరులు మువ్వురు కుటుంబవైద్యుల జాబితాలనుండి 200 మంది వృద్ధులను తీసికొని తామే పోయి పరీక్షించి, 1964లో ఆ ఫలితములను ప్రకటించిరి. కాళ్ళనొప్పులు, రక్తహీనత, మూత్రబాధలు మాత్రమే కాక, డిమెన్షియా, అనగా ఈ మతిభ్రంశము, గల వృద్ధులలో అత్యధికుల సంగతి వారి సొంత వైద్యునకు తెలియనే తెలియదని తేలినది. వృద్ధుడు తనకు మరపు వచ్చినదని తానై వచ్చి చెప్పడు, ఏలయన ఆ వ్యాధి తన్ను తాను కప్పిపుచ్చుకొనును. ఇంటివారు చెప్పరు, ఏలయన అది వయస్సని వారి విశ్వాసము. వైద్యుడడుగడు, ఏలయన ఆయన కొఱకు బయట వేచియున్న రోగుల వరుస కలదు. రోగము వైద్యుని వెదకికొని రానప్పుడు వైద్యుడే రోగమును వెదకవలెనను ఆలోచనము ఇచ్చట బలపడెను.

వెదకుటకు చిన్న పరీక్ష కావలసివచ్చినది. 1972లో హాడ్కిన్సన్ అను వృద్ధవైద్య నిపుణుడు అంతకు ముందున్న దీర్ఘ ప్రశ్నావళిని వడగట్టి పది ప్రశ్నలను మిగిల్చెను: వయస్సు, గడియారము చూడక చెప్పవలసిన వేళ, సంవత్సరము, ఉన్న చోటు, ఎదుటనున్న ఇద్దరిని గుర్తించుట, జన్మదినము, మొదటి ప్రపంచయుద్ధపు సంవత్సరము, రాజ్యమేలుచున్న ప్రభువు పేరు, ఇరువదినుండి వెనుకకు లెక్కించుట, ముందు చెప్పియుంచిన విలాసమును మరల చెప్పుట. 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అనువారు 30 మార్కుల పరీక్షనొకదానిని ప్రకటించిరి. నూటినుండి ఏడేసి చొప్పున తీసివేయుట, అయిదక్షరముల ఆంగ్లపదమును తలక్రిందుగా చెప్పుట, ఒక వాక్యమును చదివి దాని ప్రకారము చేయుట, ఒక వాక్యమును వ్రాయుట, ఒకదానినొకటి కోసికొను పంచభుజములను చూచి గీయుట అందలి ముఖ్యాంశములు. దాని వ్యాప్తి యింతంత కాదు. పిదప గడియారపు ముఖము గీయించునదియు, ఇంకను చిన్నవియు, పెద్దవియు ననేకములు బయలుదేరినవి. వాని పట్టిక ఇచ్చట అనవసరము.

ఐతే న్యూకాజిల్ పరిశోధనము వెలువడిన 1968వ సంవత్సరముననే ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున విల్సన్, యుంగ్నర్ అనువారు స్క్రీనింగునకు, అనగా రోగమని చెప్పుకొని రానివారిలో రోగమును వెదకుటకు, కొన్ని నియమములను వ్రాసిరి. కనుగొన్న రోగమునకు అంగీకృతమైన చికిత్స యుండవలెను. నిర్ధారణమునకును చికిత్సకును ఏర్పాట్లుండవలెను. ఎవరికి చికిత్స యీయవలెనో ముందే నిశ్చయముండవలెను. డిమెన్షియా చరిత్రను ఆ నియమముల వెలుగున చదివినపుడు, వెదకుట యెంతదూరము పరుగెత్తినదో, ఆదుకొనుట యెంత వెనుకబడినదో స్పష్టమగును. 1990లో బ్రిటిషు ప్రభుత్వము కుటుంబవైద్యులతో క్రొత్త ఒడంబడిక చేసికొని, 75 ఏండ్లు దాటిన ప్రతివారికిని ఏటేట ఇంద్రియములు, నడక, మనఃస్థితి మొదలగువాని పరీక్ష జరుపవలెనని విధించినది. కొందఱు శ్రద్ధతో చేసిరి, మఱికొందఱు కాగితముపై గుర్తులు పెట్టి సరిపుచ్చిరి; 2004 నాటి ఒడంబడికలో ఆ విధి తొలగింపబడినది. 2006లో ప్రతి వైద్యుడును తన రోగులలో డిమెన్షియా గలవారి పట్టిక నుంచవలెననిరి. 2014 అక్టోబరులో, క్రొత్తగా గుర్తించిన ఒక్కొక్క రోగికి 55 పౌండ్లు ఇత్తుమని ఇంగ్లండు ఆరోగ్య సేవాధికారులు ప్రకటింపగా, వైద్యులలోనే పెద్ద ఆక్షేపణ లేచినది. ఆరు మాసములలో ఆ పథకము ముగిసినది. రోగి పేరు పట్టికకెక్కించుటకు వెల కట్టి, పిమ్మట ఆ యింటికి పోవుటకు వెల కట్టనిచోట వైద్యవృత్తి తన గౌరవమును తానే తగ్గించుకొనునని నా దృఢాభిప్రాయము.

ఆక్షేపించినవారు నిష్కారణముగా ఆక్షేపింపలేదు. 1993లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు టాక్రిన్ కాలేయమునకు హాని చేయుచుండుటచే క్రమముగా వాడుకనుండి తొలగినది. 1996లో వచ్చిన డోనెపెజిల్, దాని తరగతికే చెంది వెనుక వచ్చినవి లక్షణములను కొంతకాలము తేలికపఱచునవే గాని వ్యాధిని నిలుపునవి కావు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున 4005 మంది వృద్ధులను రెండు వర్గములుగా విభజించి ఒక వర్గమునకు ప్రాథమిక వైద్యశాలలలో స్క్రీనింగు జరిపి చూడగా, వారి జీవితపు మేలులో చెప్పుకోదగిన వృద్ధియు లేదు, హానియు లేదు. అందఱిని స్క్రీనింగు చేయవలెనా వలదా యనుటకు చాలినంత ఆధారము లేదని అమెరికా నిపుణుల సంఘము 2003లోను, 2014లోను, 2020లోను మూడుమార్లు చెప్పినది. గుర్తించి వదలివేయుటకంటె గుర్తించి తప్పు మందిచ్చుట ఇంకను ప్రమాదము. 2009లో సుబే బెనర్జీ బ్రిటిషు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో, బ్రిటనులో డిమెన్షియా గల సుమారు 1,80,000 మందికి ఉన్మాదమునకు వాడు మందులు ఇచ్చుచున్నారనియు, దానివలన ఏటేట సుమారు 1,800 మంది అదనముగా మరణించుచున్నారనియు లెక్కగట్టెను. కేకలు వేయు వృద్ధునకు నొప్పియున్నదేమో, మలబద్ధమున్నదేమో, చెవి వినబడుట లేదేమో చూడక మత్తుమాత్ర వేయుట ఎంత సులభమో ఆ సంఖ్య చెప్పుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. 1990 ప్రాంతమున హర్యానా రాష్ట్రమందలి బల్లభ్‌గఢ్ పల్లెలలో విజయ్ చంద్ర, మేరీ గంగూలీ మొదలగు భారతీయ, అమెరికన్ పరిశోధకులు కలిసి పని ప్రారంభించిరి. 55 ఏండ్లు దాటిన 5,126 మందిని వారు చూచిరి, వారిలో 73.3 శాతము నిరక్షరాస్యులు. ఫోల్‌స్టీను పరీక్షను ఉన్నదున్నట్లు హిందీలోనికి మార్చి యడిగినచో ఆ పల్లెలలో పెక్కుమంది మతి చెడినవారుగా తేలియుందురు! ఒకరి కాలికి కుట్టిన చెప్పు మఱియొకరికి తొడిగి, నడక రాదని నిందించినట్లుండెడిది. కావున గంగూలీ మొదలగువారు ఒక్కొక్క ప్రశ్నను చేతబట్టుకొని, ఇది మనిషిలో దేనిని కొలుచుచున్నది, ఆ శక్తినే ఈ పల్లెటూరి జీవితమున ఎట్లు కొలువవచ్చునని విచారించిరి. నూటినుండి ఏడేసి తీసివేయుటకు మాఱుగా ఇరువదినుండి మూడేసి తీసివేయించిరి. పదమును తలక్రిందుగా చెప్పించుటకు మాఱుగా వారముల పేర్లను వెనుకనుండి చెప్పించిరి. చదివి కన్నులు మూయవలసిన చోట, నన్ను చూచి నేను చేసినట్లు చేయుడని తాము కన్నులు మూసి చూపిరి. వాక్యము వ్రాయవలసిన చోట, మీ యింటినిగూర్చి యొక మాట చెప్పుడనిరి. 1995లో ప్రకటింపబడిన ఆ హిందీ పరీక్షను నేను స్మృతిపరీక్షల చరిత్రలో న్యూకాజిల్ పరిశోధనమునకు తీసిపోని కార్యముగా నెంచుదును. అక్షరము రానివాడును బుద్ధిమంతుడే యను సత్యమునకు అది శాస్త్రరూపమిచ్చినది.

అంతటితో వారు ఆగలేదు. పరీక్షలో మార్కులు తగ్గినంతమాత్రమున వ్యాధి యని చెప్పరాదు. దినచర్య చెడినప్పుడే అట్లు చెప్పవలెను. కాని చెక్కు వ్రాయగలరా, ఒంటిగా అంగడికి పోయి సరకులు తేగలరా యను పాశ్చాత్య ప్రశ్నలు కొడుకులు కోడండ్రు సర్వమును చూచుకొను ఉమ్మడికుటుంబమున వ్యర్థములు. అందుచే ఇంటివారిని వేఱు ప్రశ్నలడిగిరి: అన్నము తిన్న సంగతి మఱచి మరల అన్నమడుగుచున్నారా, ఊరిలో దారి తప్పుచున్నారా, పండుగలు గుర్తున్నవా, పెండ్లి వంటి ఇంటి ముఖ్యవిషయములలో తమ అభిప్రాయము చెప్పుచున్నారా? ఈ ప్రశ్నలను చదివిన ఏ తెలుగు గృహస్థునకైనను అవి తన యింటినిగూర్చి వ్రాసినవే యని తోచును. ఆ పరిశోధనములో 65 ఏండ్లు దాటినవారిలో డిమెన్షియా 1.36 శాతముగా కనబడినది. అది ప్రపంచమున మిక్కిలి తక్కువ సంఖ్యలలో నొకటి. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలనము 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతమనియు, అనగా సుమారు 88 లక్షల మంది యనియు చెప్పినది. రెండింటి కాలములు వేఱు, ప్రాంతములు వేఱు, కొలతలు వేఱు. వానిని ప్రక్కప్రక్కన పెట్టి తొందరపడి తీర్పు చెప్పరాదు.

దక్షిణాదిన కేరళము ముందడుగు వేసినది. 1992లో డాక్టరు జేకబ్ రాయ్ చొరవతో అల్జీమర్స్ రోగుల కొఱకు భారతీయ సంఘమొకటి అచ్చట స్థాపింపబడినది. 1998లో కొచ్చిన్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభలో పరిశోధకులొక కూటమిగా నేర్పడి దానికి 10/66 అని పేరు పెట్టుకొనిరి. డిమెన్షియా రోగులలో 66 శాతము మంది వర్ధమాన దేశములలో నుండగా, పరిశోధనములో 10 శాతమైనను వారినిగూర్చి జరుగుట లేదను కొఱతయే ఆ పేరు. ఆ కూటమికి చెందిన డాక్టరు షాజీ మొదలగువారు కేరళములో అంగన్‌వాడీ కార్యకర్తలకు స్వల్పకాలపు శిక్షణమిచ్చి, తమ యిలాకాలో ఎవరెవరికి మతి తప్పుచున్నదో చెప్పుడని యడిగిరి. వారు చూపినవారిలో మూడింట రెండువంతులకు సమీపముగా నిజముగనే వ్యాధిగ్రస్తులని వైద్యులు నిర్ధారించిరి. పసిపిల్లల బరువు తూచుటకు ఇంటింటికి తిరుగు స్త్రీకి ఆ యింటి మూలగదిలోని ముసలమ్మ సంగతి తెలియకుండునా? 2008లో గోవానుండి వెలువడిన పరిశోధనము ఇంకొక మెట్టెక్కినది. నిపుణులు కాని స్థానికులకే శిక్షణమిచ్చి ఆరు మాసముల పాటు రోగుల యిండ్లకు పంపగా, సేవచేయు భార్యల, కోడండ్ర, కుమార్తెల మనోవేదన తగ్గినదని వారు చూపిరి. వెదకుటకును ఆదుకొనుటకును నడుమనున్న అగడ్తపై మన దేశమున వేయబడిన మొదటి వంతెనలలో నిది యొకటి.

తెలుగునాట నీ చరిత్ర హైదరాబాదు నిమ్సు వైద్యశాలయందలి స్మృతి చికిత్సాశాలతో ముడిపడినది. డాక్టరు సువర్ణ అల్లాడి ఆధ్వర్యమున అచ్చటికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలింపగా, ఒకే భాష తెలిసినవారికంటె రెండు, అంతకు మించిన భాషలు మాటలాడువారికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ప్రారంభమైనట్లు తేలినది. చదువురానివారియందును ఆ భేదము కానవచ్చినది. 2013లో ప్రకటితమైన ఈ ఫలితము తెలుగు, ఉర్దూ, హిందీ వీధులలో కలిసి పారు నగరముననే సాధ్యమైనది. చికిత్సాశాలకు వచ్చినవారిని మాత్రమే చూచిన పరిశోధనము గనుక ఊరూర నిది యిట్లేయని చెప్పుటకు వీలులేదు. ఐనను తెలుగులో పరీక్షలు శాస్త్రీయముగా రూపొందుటకు ఇటువంటి కృషి దోహదమైనది. భారత వైద్య పరిశోధనా మండలి అయిదు భాషలలో తయారుచేయించిన పరీక్షల సంపుటిలో తెలుగొకటి. ఇంకను జరుగవలసిన పని కలదు. ఆంగ్ల తేదీ చెప్పలేని మన పల్లె వృద్ధురాలు ఉగాదికి ముందా వెనుకా, నాట్లా కోతలా యని యడిగిన తడుముకొనక చెప్పగలదు. అటువంటి ప్రశ్నలను ఊహతో వేయక, బల్లభ్‌గఢ్‌లో వలె పరీక్షించి స్థిరపఱచవలెను.

2010లో కేంద్ర ప్రభుత్వము వృద్ధుల ఆరోగ్య సంరక్షణమునకు జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఆశా కార్యకర్తలు ఇంటింట నింపు పరిశీలనా పత్రములో వృద్ధుల కొఱకు ఒక ప్రశ్న నేడున్నది: దగ్గరివారి పేర్లను గాని సొంత యింటి చిరునామాను గాని మఱచుచున్నారా యని. ఫ్రాంక్‌ఫర్టున అల్జీమర్ అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టము. అవునని గుర్తు పెట్టిన పిమ్మట ఆ కాగితమెచ్చటికి పోవుచున్నదనునదే మన ముందున్న విషయము. ప్రాథమిక కేంద్రపు వైద్యుడు చేయవలసినది అసాధ్యమైనది కాదు. థైరాయిడు లోపము, బి12 లోపము, మనోవ్యాకులత, మితిమీరిన మందులు, చెవుడు, చూపుమాంద్యము మరపును కల్పించును లేదా పెంచును. వానిని ముందు వెదకి సరిదిద్దవచ్చును. రక్తపోటును మధుమేహమును అదుపులో నుంచవచ్చును. మత్తుమందులకు చేయి చాపకుండవచ్చును. ముఖ్యముగా, సేవచేయు స్త్రీని కూర్చుండబెట్టి, ఇది మీ అత్తగారి మొండితనము కాదు, వ్యాధి యని చెప్పవచ్చును. ఆశా కార్యకర్త పత్రములో అవునని వ్రాసిన ప్రతి యింటికిని ఒక నర్సు పదిహేను దినములలోపల పోవునట్టి ఏర్పాటు లేనిచో ఆ ప్రశ్నను అడుగకుండుటయే మేలు. ఉభయ తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలు ఆ ఏర్పాటును ముందు చేసి, పిమ్మటనే ప్రశ్నను అడిగింపవలెనని నా మనవి.